ఆఫీసు దగ్గరైంది, మైలేజీ పడిపోయింది: లోపం కారులో ఉందా, దారిలో ఉందా?

ప్రశ్న: మర్రిపాలెం నివాసి

అందరికీ నమస్కారం. నా దగ్గర 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేర్లు ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు ఉంది. కొని అయిదేళ్లు కావస్తోంది. నిరుటి వరకు మా కాపురం విశాఖపట్నం మధురవాడలో, నా ఉద్యోగం సబ్బవరం దగ్గర. ఉదయం ఆనందపురం దాకా వెళ్లి అక్కడ అనకాపల్లి వైపు పోయే ఆరు వరుసల బైపాస్ ఎక్కితే, మళ్లీ దిగేవరకు బ్రేకు మీద కాలు పెట్టే అవసరం పెద్దగా ఉండేది కాదు. ఒక వైపు దూరం సుమారు 35 కిలోమీటర్లు. అప్పట్లో లీటరుకు 20 కిలోమీటర్లకు తగ్గకుండా వచ్చేది.

తరువాత సిరిపురంలోని ఆఫీసుకు బదిలీ అయింది. పిల్లవాడి చదువు కూడా కలిసివస్తుందని మర్రిపాలెం మారాం. ఇప్పుడు ఒక వైపు దూరం 8 కిలోమీటర్లే. ఉదయం ఇంటి నుంచి కిలోమీటరున్నర దూరంలో ఉన్న స్కూలు దగ్గర బాబును దించి, హైవే మీద తాటిచెట్లపాలెం, అక్కయ్యపాలెం దాటి గురుద్వారా కూడలి దగ్గర లోపలికి తిరిగి, ఆసీల్‌మెట్ట మీదుగా ఆఫీసుకు చేరతాను. సాయంత్రం ఇంటికి వచ్చాక కంచరపాలెం రైతుబజారుకో, మందుల షాపుకో మళ్లీ ఒకసారి బండి తీయడం మామూలైంది. మొత్తం కలిపి రోజుకు 18 కిలోమీటర్లు తిరుగుతుందేమో. మైలేజీ మాత్రం 13, 14 మించడం లేదు.

సర్వీసింగ్ చేసినవారు ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, గాలిని పంపే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించమంటున్నారు, దానికి వేలల్లో ఖర్చు చెబుతున్నారు. ఇంజను హెచ్చరిక దీపం వెలగలేదు, పొగ లేదు, పికప్ తగ్గినట్టు కూడా అనిపించలేదు. దూరం సగానికి సగం కన్నా తగ్గినప్పుడు మైలేజీ ఇంతగా పడిపోవడం కేవలం దారి వల్లనే సాధ్యమా, లేక కారులో నిజంగా ఏదైనా లోపం ఉందా? లోపం ఉంటే ఎలా కనిపెట్టాలి? నా రాకపోకల్లో నేను మార్చుకోగలిగింది ఏమైనా ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: సీతమ్మధార ఇంజనీరు

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ముందు ఇంజెక్టర్ల జోలికి పోవలసిన పని లేదు. ఆ తేడా మొత్తాన్ని మీ దారే తెచ్చిపెట్టగలదు. ఎలాగో లెక్కతో చెబుతాను, ఎందుకంటే ఊరికే 'ట్రాఫిక్ వల్ల' అనేస్తే మీ సందేహం తీరదు.

చిన్న కారు తాగే పెట్రోలులో కొంత భాగం తిరిగిన దూరాన్ని బట్టి ఖర్చవుతుంది. గాలిని చీల్చుకుంటూ పోవడానికి, టైర్లు రోడ్డు మీద దొర్లడానికి అయ్యే ఖర్చు అది. ఇంకొంత భాగం దూరంతో సంబంధం లేకుండా గడిచిన నిమిషాలను బట్టి ఖర్చవుతుంది. ఇంజను నిలబడి తిరిగినా, ఏసీ నడిచినా ఆ పద్దులోకే వస్తుంది. మూడోది, మీరు ఎన్నిసార్లు ఆగి మళ్లీ వేగం అందుకున్నారన్నదాన్ని బట్టి పోయేది. నాలుగోది, చల్లబడిన ఇంజనును ఎన్నిసార్లు స్టార్టు చేశారన్నదాన్ని బట్టి పోయేది. బైపాస్ మీద వెళ్లినప్పుడు మొదటి ఖర్చు తప్ప మిగతావి నామమాత్రం. 35 కిలోమీటర్లకు ఒక్క చల్లని స్టార్టు, మూడు నాలుగు ఆగుళ్లు ఉంటే అవి లెక్కలో కనిపించవు. మర్రిపాలెం నుంచి సిరిపురం దారిలో చల్లని స్టార్టు ఖర్చు అంతే ఉంటుంది, ఆగుళ్లు, నిలబడే నిమిషాలు ఇంకా పెరుగుతాయి కాని, వాటిని పంచుకోవడానికి ఎనిమిది కిలోమీటర్లే ఉన్నాయి.

అంకెల్లో చూద్దాం. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అందులో నాలుగో వంతు చక్రాల దాకా చేరితే బాగానే చేరినట్టు, అంటే పనికివచ్చేది 8 మెగాజౌళ్లు. మనిషితో కలిపి టన్ను బరువున్న కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలోని గతిశక్తి 62 కిలోజౌళ్లు. ముందు ఆటో ఆగిందని మీరు బ్రేకు నొక్కగానే అదంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా మారిపోతుంది, మళ్లీ అదే వేగం అందుకోవడానికి దాదాపు 8 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. 60 వేగం నుంచి ఆగితే నష్టం 17 మిల్లీలీటర్లు, ఎందుకంటే గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అక్కయ్యపాలెం, గురుద్వారా మధ్య ఖాళీ దొరికిందని 60 దాకా తొక్కి, వంద గజాల ముందు ఎర్ర దీపం చూసి బ్రేకు వేయడం ఎంత ఖరీదైన అలవాటో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక మీ సైజు ఇంజను నిలబడి తిరిగితే గంటకు 0.6 లీటరు ప్రాంతంలో తాగుతుంది, అంటే నిమిషానికి 10 మిల్లీలీటర్లు. ఏసీ వేసి ఉంటే 15 అనుకోండి. చల్లని ఇంజను సంగతి చూస్తే, ఉదయం దాని వేడి మన వాతావరణంలో 28 డిగ్రీలు ఉంటుంది, అది సరిగ్గా పనిచేయవలసిన వేడి 90 డిగ్రీల దగ్గర. ఆ వేడికి చేరేలోగా ఇంజనును నడిపే కంప్యూటరు పెట్రోలు పాళ్లు పెంచి పంపుతుంది, ఆయిలు చిక్కగా ఉండి లోపలి భాగాల రాపిడి పెరుగుతుంది, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరు త్వరగా వేడెక్కడానికి ఇంజను వేగాన్ని కూడా కాస్త ఎత్తి ఉంచుతుంది. నాలుగైదు కిలోమీటర్లకు నీళ్లు వేడెక్కుతాయి, ఆయిలు అంతకన్నా ఆలస్యంగా వేడెక్కుతుంది. చలిదేశాల్లో ఈ నష్టం మరీ ఎక్కువ, మనకు తక్కువే అయినా లేకపోలేదు.

ఇప్పుడు మీ ఎనిమిది కిలోమీటర్లు కూడుదాం. ఆగకుండా 50 వేగంతో పోతే లీటరుకు 22 వస్తుందనుకుంటే, దూరం ఖర్చు 364 మిల్లీలీటర్లు. 40 వేగం నుంచి పదిసార్లు ఆగితే 80. కూడళ్లలో, స్కూలు వరుసలో కలిపి ఏడు నిమిషాలు ఏసీతో నిలబడితే సుమారు 100. చల్లని స్టార్టుకు ఓ 40. మొత్తం 584. ఎనిమిది కిలోమీటర్లను దానితో భాగిస్తే లీటరుకు 13.7 కిలోమీటర్లు. మీరు చెప్పిన అంకె కూడా అదే ప్రాంతంలో ఉంది. నేను వేసుకున్న ఆగుళ్లు, నిమిషాలు మీ దారిలో అటూఇటూ మారవచ్చు కాని, లోపం లేని కారు కూడా ఆ దారిలో అంతే ఇస్తుందని చెప్పడానికి ఇది చాలు.

ఒక్కమాట మాత్రం మీరు గమనించాలని కోరుతున్నాను. నెలకు ఇరవై అయిదు పనిదినాలు అనుకుంటే, పాత ఉద్యోగంలో 1,750 కిలోమీటర్లకు 87 లీటర్లు పోసేవారు. ఇప్పుడు 450 కిలోమీటర్లకు 33 లీటర్లు పోస్తున్నారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయన్న అంకె పక్కనే నెలకు ఎన్ని లీటర్లు పోశామన్న అంకె కూడా రాసుకుంటేనే రాకపోకల ఖర్చు నిజంగా తెలుస్తుంది.

సమాధానం: గాజువాక గ్యారేజీ

పైన రాసిన ఇంజనీరు గారి లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే దారి వల్ల మైలేజీ తగ్గినప్పుడు, దాని చాటున నిజమైన లోపాలు కూడా దాక్కునే వీలుంది కాబట్టి, డబ్బు పెద్దగా ఖర్చు కాకుండా మీరే చూసుకోగలిగిన కొన్ని పరీక్షలు చెబుతాను.

మొదట బ్రేకులు. మన ఊరి గాలిలో ఉప్పు ఎక్కువ. సముద్రానికి దగ్గరగా ఆరుబయట నిలిపే బండ్లలో ప్యాడును డిస్కుకు నొక్కే బ్రేకు క్యాలిపర్ జరిగే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోవడం తరచుగా చూస్తుంటాను. అలా బిగుసుకుంటే కాలు తీసినా ప్యాడు డిస్కును వదలదు, బండి రోజంతా సగం బ్రేకు మీద నడుస్తున్నట్టే. పరీక్ష సులువు. ఖాళీ రోడ్డు మీద కొంతదూరం నడిపి, చివర్లో బ్రేకు వీలైనంత తక్కువగా వాడి నెమ్మదిగా ఆపండి. దిగి నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా చేయి పెట్టి చూడండి, తాకకుండా కొంచెం దూరంగా ఉంచితే చాలు. ఒక చక్రం దగ్గర మాత్రం సెగ కొడుతూ మిగతావి మామూలుగా ఉంటే, ఆ చక్రం విప్పించి పిన్నులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి. హ్యాండ్‌బ్రేకు దించినా వెనక చక్రాలు తేలికగా తిరగకపోవడం కూడా ఇలాంటిదే.

రెండోది థర్మోస్టాట్, అంటే ఇంజను వేడెక్కేవరకు నీళ్లను రేడియేటరుకు పోనివ్వకుండా ఆపే కవాటం. చాలా చిన్న కార్లలో స్టార్టు చేయగానే నీలంరంగు దీపం వెలుగుతుంది, ఇంజను కొంత వేడెక్కగానే ఆరిపోతుంది. మీ కారులో ఆ దీపం ఉంటే అది ఎక్కడికి చేరేసరికి ఆరుతోందో గమనించండి. మన వేడిలో రెండు మూడు కిలోమీటర్లలో ఆరిపోవాలి. తాటిచెట్లపాలెం దాటినా వెలుగుతూనే ఉన్నా, ఆరి మళ్లీ వెలిగినా, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందని అనుమానించవచ్చు. అప్పుడు నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటరుకు పోయి ఇంజను సరైన వేడికి చేరదు, పొట్టి ప్రయాణాలు చేసేవారికి పెట్రోలు బాగా దండగవుతుంది. బైపాస్ మీద తిరిగినన్నాళ్లూ ఇలాంటి లోపం బయటపడకపోవచ్చు.

టైర్ల గాలి ఉదయం బండి తీయకముందే చూడాలి, నడిచి వేడెక్కిన టైరు ఎక్కువ చూపిస్తుంది. డ్రైవరు వైపు తలుపు తీస్తే స్తంభం మీద ఉండే స్టిక్కరులోని అంకె ప్రకారమే కొట్టించండి. ఒక్కో పీఎస్‌ఐ తగ్గుదలకు ఖర్చు 0.2 శాతం ప్రాంతంలో పెరుగుతుంది, కాబట్టి అయిదారు పీఎస్‌ఐ తగ్గినా నష్టం శాతం దాటి కొంచెమే. అయినా టైరు అరుగుదల కోసం ఎలాగూ చూసుకోవాలి.

ఎయిర్ ఫిల్టరు మార్చితే మైలేజీ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. కార్బురేటర్ల కాలంలో అది నిజం. ఇప్పటి ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఇంజన్లలో లోపలికి వచ్చిన గాలిని కొలిచి దానికి తగినంత పెట్రోలే పంపుతారు కాబట్టి, ఫిల్టరు మురికిపడితే పికప్ తగ్గుతుందే తప్ప మైలేజీ అంతగా తగ్గదు. ఇంజను ఆయిలు విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. కంపెనీ పుస్తకంలో పలచటి ఆయిలు రాసి ఉంటే అదే పోయించాలి, 'మన ఎండలకు చిక్కనిదే మంచిది' అని 20డబ్ల్యూ-50 లాంటిది పోస్తే ప్రతి చల్లని స్టార్టుకూ మీరు దాని ఖరీదు కడతారు. ఇంకో సంగతి, మీలా ఏడెనిమిది కిలోమీటర్లు నడిపి ఆపేసే బండ్లలో ఆయిలు పూర్తిగా కాగదు. ఆయిలులోకి దిగిన పెట్రోలు, తేమ ఆవిరై పోవడానికి వ్యవధి దొరకదు. కాబట్టి సర్వీసింగుకు మీటరు చూపే కిలోమీటర్ల కన్నా గడిచిన నెలలనే లెక్కలోకి తీసుకోండి. పొట్టి ప్రయాణాలను కఠిన వినియోగంగా పరిగణించి త్వరగా ఆయిలు మార్చమని చాలా కంపెనీల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది.

ఇంజెక్టర్ల శుభ్రత గురించి అడిగారు కదా. అందుకు డబ్బు కట్టేముందు కారు కంప్యూటరులోని వివరాలు చదివే ఓబీడీ స్కానరు పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ అనే అంకె చూపించమనండి, పెట్రోలు పాళ్లను కంప్యూటరు ఎంత శాతం సరిదిద్దుతోందో అది చెబుతుంది. అది సున్నాకు అటూఇటూ అయిదారు శాతంలో ఉండి, బండి నిలబడి తిరిగేటప్పుడు అదురు లేకపోతే, శుభ్రం చేయించినా మీకు కలిసివచ్చేది ఏమీ ఉండదు. ఆ అంకె చూపించకుండా పని మాత్రం చేసేస్తామనే చోట నేనైతే నా బండిని వదలను.

మర్రిపాలెం నివాసి

ఇంత ఓపికగా రాసిన ఇద్దరికీ కృతజ్ఞతలు. నీలం దీపం మా కారులో ఉంది, స్కూలు దాటి హైవే ఎక్కిన కాసేపటికి ఆరిపోతోంది, మళ్లీ వెలగడం లేదు. రిమ్ములు కూడా నాలుగూ ఒకేలా ఉన్నాయి. కాబట్టి ప్రస్తుతానికి శుభ్రత పని ఆపించాను.

ఇంకో రెండు సందేహాలు. కూడళ్లలో ఇంజను ఆపడం వల్ల నిజంగా మిగులు ఉంటుందా, లేక మళ్లీ స్టార్టు చేయడంలో అదే పోతుందా? ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోతకు ఏసీ లేకుండా పిల్లవాడితో ప్రయాణం చేయలేం, ఆ ఖర్చు తగ్గించే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం: రుషికొండ ఐటీ ఉద్యోగి

నేను ఎంవీపీ కాలనీ నుంచి రుషికొండ కొండమీదున్న ఆఫీసుకు చిన్న కారులోనే వెళ్లి వస్తాను, దూరం మీకన్నా కాస్త ఎక్కువ. మీ రెండు ప్రశ్నలకూ నాకు తెలిసినది రాస్తాను.

వేడెక్కిన ఇంజనును మళ్లీ స్టార్టు చేయడానికి పట్టే పెట్రోలు దాదాపు పది సెకండ్లు నిలబడి తిరిగితే అయ్యేంతే. కాబట్టి అర నిమిషం దాటి నిలబడవలసి వస్తుందని సిగ్నల్ దీపం కింది అంకెలు చెబుతుంటే ఆపేయడమే లాభం. సత్యం కూడలి, మద్దిలపాలెం లాంటి పెద్ద కూడళ్లలో అంత వ్యవధి దొరుకుతుంది. అయితే ఇంటి నుంచి బయలుదేరిన మొదటి రెండు మూడు కిలోమీటర్లలో, ఇంజను ఇంకా చల్లగా ఉండగా ఆపకండి. అలాగే మీ ప్రయాణాలు పొట్టివి, బ్యాటరీ మళ్లీ నిండడానికి వ్యవధి తక్కువ కాబట్టి, పాత బ్యాటరీ అయితే ప్రతి కూడలి దగ్గరా కాకుండా స్కూలు ముందు వరుసలో, పెద్ద కూడళ్లలో మాత్రమే ఆపడం మంచిది. నన్నడిగితే స్కూలు వరుసే మీకు అన్నింటికన్నా పెద్ద అవకాశం. చల్లని ఇంజను, నిలబడి తిరగడం, అడుగడుగునా జరగడం మూడూ అక్కడ ఒకేచోట కలుస్తున్నాయి. వంద గజాల ముందే వీధిలో నిలిపి బాబును నడిపించి దించగలిగితే ఆ మూడింటిలో రెండు పోతాయి.

ఏసీ విషయంలో గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, అది గంటల లెక్కన తాగుతుంది. బైపాస్ మీద ఒక గంటకు 70 కిలోమీటర్లు పోతే ఆ ఖర్చు 70 భాగాలవుతుంది, ఊళ్లో గంటకు 18 పోతే 18 భాగాలే అవుతుంది. అందుకే హైవే మీద తెలియని ఏసీ ఊళ్లో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఎండలో నిలిపిన కారులో కూర్చోగానే ఏసీ పూర్తిగా పెట్టకుండా, ముందు నాలుగు అద్దాలూ దించి ఒక వీధి దూరం పోనిచ్చి లోపలి వేడిని బయటికి తోలేయండి. తరువాత అద్దాలు ఎక్కించి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కి ఏసీ వేస్తే కంప్రెసరుకు శ్రమ తగ్గుతుంది. ఆఫీసు దగ్గర నీడలో నిలపడానికి వంద అడుగులు ఎక్కువ నడవవలసి వచ్చినా నడవండి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మనకు ఏసీ అవసరమే ఉండదు, ఆ నెలల్లో వచ్చిన మైలేజీని మే నెలతో పోల్చి కంగారుపడవద్దు.

మీరు అడగకపోయినా మన ఊరికి సంబంధించిన ఇంకో సంగతి ఉంది, అది కొండలు. హనుమంతవాక నుంచి ఎండాడ వైపు హైవే ఎక్కుతుంది, మా ఆఫీసుకు చివర్లో ఇంకో ఎక్కుడు. టన్ను బరువును వంద మీటర్ల ఎత్తుకు చేర్చడానికి దాదాపు ఒక మెగాజౌలు కావాలి, ఇంజనీరు గారి లెక్క ప్రకారం అది 120 మిల్లీలీటర్ల పెట్రోలు. కైలాసగిరి ఎత్తు 170 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది, నలుగురితో కారులో పైకి వెళ్తే ఒక్క ఎత్తు కోసమే పావు లీటరు పోతుందన్నమాట. దిగేటప్పుడు అందులో కొంత తిరిగి రాబట్టుకోవచ్చు. గేరులోనే ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా వదిలేస్తే, ఇప్పటి ఇంజన్లు ఇంజెక్టర్లను మూసేసి చుక్క పెట్రోలు వాడవు. న్యూట్రల్‌లో వదిలితే మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోతూనే ఉంటుంది, పైగా బండి పట్టు తప్పి బ్రేకులు వేడెక్కుతాయి. దిగుళ్లలో న్యూట్రల్ వేసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, దయచేసి మానుకోవాలి. ఎర్ర దీపం దూరం నుంచి కనపడినప్పుడు కూడా ఇదే పద్ధతి పాటిస్తే బ్రేకు నొక్కేలోపే వేగం సగం తగ్గుతుంది, ఆ దూరమంతా పెట్రోలు ఖర్చు ఉండదు.

సమాధానం: పరవాడ షిఫ్టు ఉద్యోగి

మార్గం కన్నా బయలుదేరే వేళ ఎక్కువ తేడా తెస్తుందని నా అనుభవం. నేను గోపాలపట్నం నుంచి ఎన్ఏడీ కూడలి, గాజువాక మీదుగా పరవాడ ఫార్మాసిటీకి వెళ్తాను. ఉదయం షిఫ్టు ఉన్న వారంలో రోడ్డు ఖాళీగా ఉండి గాజువాక కూడలి కూడా ఇట్టే దాటేస్తాను. జనరల్ షిఫ్టు వారంలో కంపెనీ బస్సులు, ట్రైలర్లు, ఆటోలు అన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి. అదే కారు, అదే దూరం, అదే మనిషి అయినా రెండు వారాలకూ లీటరుకు మూడు కిలోమీటర్ల తేడా వస్తుంది. మీకు ఆఫీసు వేళ మార్చుకునే వీలు లేకపోయినా, స్కూలు గంట కన్నా పావుగంట ముందే చేరుకుంటే వరుసా ఉండదు, హైవే మీద రద్దీ కూడా ఇంకా చిక్కపడదు.

దారి విషయానికి వస్తే, తాటిచెట్లపాలెం దగ్గర హైవే వదిలి రైల్వే న్యూకాలనీ, దొండపర్తి మీదుగా ఆసీల్‌మెట్ట చేరే మార్గం కూడా ఒకసారి చూడండి. లోపలి రోడ్డే అయినా 30, 35 వేగంతో నిలకడగా పోగలిగిన వేళల్లో, 60 దాకా ఎక్కి పడిపోయే హైవే కన్నా అదే నయమవుతుంది. ఉదయానికి ఒకటి, సాయంత్రానికి ఒకటి సరిపడవచ్చు, కొన్నాళ్లు మార్చి మార్చి వెళ్తేనే తెలుస్తుంది.

సాయంత్రం మళ్లీ బండి తీయడం మాత్రం మానేయవలసిందే. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడే, ఇంజను వేడిగా ఉండగానే కంచరపాలెంలో ఆగి కూరగాయలు తీసుకుంటే ఒక చల్లని స్టార్టు, రెండు కిలోమీటర్ల తిరుగుడు మిగులుతాయి. ఇంటికి వచ్చి గంటన్నర గడిచాక ఇంజను చాలావరకు చల్లారిపోతుంది, ఆ చిన్న ప్రయాణమంతా చల్లని ఇంజనుతోనే సాగుతుంది. అలాంటి ప్రయాణంలో లీటరుకు ఎనిమిది, తొమ్మిది వచ్చినా ఆశ్చర్యం లేదు. మందుల షాపుకు స్కూటరు చాలు.

బైపాస్ మీద తిరిగేవాళ్లు ఈ చర్చ చదువుతుంటే వారికోసం ఒక్క మాట. 80 నుంచి 100కు వేగం పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 35 కిలోమీటర్ల దూరంలో మిగిలేది అయిదు నిమిషాలే.

మర్రిపాలెం నివాసి

స్కూలు ముందు వీధిలో నిలపడం, కూరగాయలు దారిలోనే తీసుకోవడం ఇప్పటికే మొదలుపెట్టాను. అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి అడగాలి. మార్పులవల్ల ఎంత కలిసివచ్చిందో నికరంగా ఎలా కొలవాలి? కంపెనీ ప్రకటనలో లీటరుకు 22 అని ఉంది, నేను దేనితో పోల్చుకోవాలి? మా తోడల్లుడు గారు సీఎన్‌జీ కిట్ పెట్టించమంటున్నారు, దానిమీద కూడా మీ అభిప్రాయం చెప్పగలరు.

సమాధానం: సీతమ్మధార ఇంజనీరు

ప్రకటనలోని అంకెను మీ రాకపోకలతో పోల్చడానికి లేదు. పెట్రోలు కార్లకు ఆ అంకె మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పరీక్ష నుంచి వచ్చింది. కారును రోడ్డు మీద కాకుండా గదిలో రోలర్ల మీద నిలిపి, సుమారు 20 నిమిషాలు, దాదాపు పదిన్నర కిలోమీటర్లు ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం నడుపుతారు. అందులో ఊరి భాగం ఉంది, 90 వేగం దాకా పోయే హైవే భాగం ఉంది, ఏసీ మాత్రం వేయరు. సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటుతుంది. అన్ని కార్లనూ ఒకే పద్ధతిలో కొలిచి ఒకదానితో ఒకటి పోల్చడానికి అది పనికివస్తుంది. మే నెలలో ఏసీ వేసుకుని స్కూలు వరుసలో నిలబడిన కారు ఆ అంకెకు చేరలేదు.

కొలతకు డ్యాష్‌బోర్డు అంకెను నమ్మకుండా ట్యాంకు నింపి లెక్క వేయండి. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, నాజిల్ దానంతట అది ఆగేవరకు నింపించి అక్కడితో ఆపేయాలి. రూపాయల అంకె గుండ్రంగా రావాలని మళ్లీ నొక్కనివ్వకూడదు, మీ నెల వాడకంలో అర లీటరు తేడా కూడా లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. ట్రిప్ మీటరు సున్నా చేసి, ట్యాంకు ముప్పావు వంతు ఖాళీ అయ్యాక మళ్లీ అదే పద్ధతిలో నింపి భాగించాలి. మధ్యలో అనకాపల్లికో, విజయనగరానికో వెళ్లివస్తే ఆ ట్యాంకును లెక్కలోంచి తీసేయండి, ఒక్క హైవే ప్రయాణం మొత్తం సగటును మార్చేస్తుంది.

పాత అంకెలతో పోల్చేటప్పుడు పెట్రోలు కూడా మారిందని గుర్తుంచుకోండి. ఇథనాల్‌లో పెట్రోలుతో పోలిస్తే లీటరుకు మూడింట రెండు వంతుల శక్తే ఉంటుంది. అందుకే 20 శాతం కలిపిన పెట్రోలులో, అంతకుముందు 10 శాతం కలిపినదానికన్నా మూడు నాలుగు శాతం శక్తి తక్కువ. మీరు కారు కొన్న కొత్తలో వచ్చిన మైలేజీకీ ఇప్పటికీ ఆ మేరకు తేడా సహజం. 20 నుంచి 13కు పడటాన్ని మాత్రం అది వివరించలేదు.

సీఎన్‌జీ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది, మీకు వద్దు. అందరూ చెప్పిన మార్పులతో మీరు 13.5 నుంచి 15కు చేరితే నెల వాడకం 30 లీటర్లకు దిగుతుంది. లీటరు నూరు రూపాయలు దాటిన ఈ రోజుల్లో కూడా అది మూడువేల పైచిలుకు మాత్రమే. గ్యాసుతో ఆ ఖర్చు సగానికి తగ్గినా నెలకు వెయ్యిన్నర, రెండువేల లోపే మిగులుతుంది. అరలక్ష దాటే కిట్ ఖర్చు రాబట్టుకోవడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది, అప్పటికి మీ కారుకు ఎనిమిదేళ్లు నిండుతాయి. ఈలోగా డిక్కీ సిలిండరుకు పోతుంది, గ్యాసు బంకు దగ్గర వరుసలో నిలబడే సమయం అదనం. రోజుకు 70 కిలోమీటర్లు తిరిగే మనిషికి అదే కిట్ ఏడాదిన్నరలోపే డబ్బు తిరిగి ఇస్తుంది, మీ తోడల్లుడు గారు అంత దూరం తిరిగేవారైతే ఆయన సలహా ఆయనకు సరైనదే.